లైట్ల కింద కాయని కంది

ఎంకవ్వ చెయ్యి మంచిది కాదని మరిది గంగారాం నలుగురిలో అన్నాడు. ఆమె ఆ మాట పడింది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తూనే ఉంది. కందిచేను మనిషెత్తు పెరిగింది, ఆకు నల్లగా నిగనిగలాడుతోంది, పువ్వు మాత్రం లేదు.

"మా అన్న ఉన్నప్పుడు ఇరగగాసిన చేను వదినె. నీ చేతికొచ్చినంక గొడ్డువోయింది. నాకియ్యి, నేను జేసుకుంట" అన్నాడతను.

తన చేతిలోనే ఏదో ఉందేమోనని ఎంకవ్వ కూడా నమ్మింది. ఒళ్లు మండేది ఇక్కడే. ఆమెను అలా నమ్మించినవాళ్లం మనమే.

ఆ చేను ఎల్లారెడ్డి నుంచి లింగంపేట పోయే దారిలో, చెరువుకట్ట కిందే ఉంది. కట్టమీద ఏడాది చివర వెలుగుల జాతర జరుగుతుంది. సముద్రం చూడనివాళ్లకు ఇదే బీచ్ అంటూ కామారెడ్డి నుంచి కార్లు వేసుకుని వస్తారు. మొదటి జాతరకు, మొగుడు ఇంకా ఉండగానే, ఎంకవ్వ తన చేలో కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి కట్టమీదే అమ్మింది. వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ ఒలుచుకు తిన్నారు జనం. నీళ్లలో ఊగే రంగుల దీపాలు చూస్తూ ఆమె కూడా చిన్నపిల్లలా నవ్వింది.

జాతర అయిపోయింది. లైట్లు మాత్రం పోలేదు. ఉత్సవ కమిటీ వాటిని స్తంభాలకే ఉంచి, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా వెలిగిస్తూనే ఉంది. ఆ ఏడు కంది కాయలేదు. గంగారాం చేత ఎంకవ్వ మాట పడింది ఆ ఏడే.

ఈ ఏడూ అంతే అనుకుంటుండగా, కట్ట వారగా ఒక్క పట్టీలో మాత్రం కంది విరగబూసి, గుత్తులుగా కాసింది. ఎంకవ్వ అక్కడే కూర్చుండిపోయింది. విత్తనం ఒకటే, మట్టి ఒకటే. పొద్దుగూకి లైట్లు వెలిగాక సంగతి తెలిసింది. కమిటీ పెద్దలంతా దండాలు పెడుతూ నిలబడ్డ పెద్ద ఫ్లెక్సీ ఒకటి, ఈ ఏడు కొత్తగా కట్టింది, స్తంభానికి అడ్డంగా ఉంది. దాని నీడ ఎక్కడిదాకా పడిందో కాయ అక్కడిదాకా ఉంది. రాత్రి పొడుగై చీకటి చిక్కబడితేనే కంది పూతకొస్తుంది. దానికి చీకటే లేకుండా చేశారు. ఆ పెద్దలు ఆమెకు చేసిన మేలు ఏదైనా ఉంటే, ఆ నీడ ఒక్కటే.

తెల్లారి గంగారాంను రెక్క పట్టి తీసుకొచ్చింది. "చూడు మరిదీ. ఇది గూడ నా చేత్తోనే పెట్టిన. గిదేంది, గిట్ల గాసింది?"

గంగారాం కాయ తెంపి నమిలాడు. "ఏమో వదినె" అని తలగుడ్డ సర్దుకున్నాడు. తప్పైందని మాత్రం అనలేదు.

అటు నుంచే కమిటీ అధ్యక్షుడు భీమేష్ దగ్గరికి నడిచింది. "జాతర జేస్కోండ్రి బిడ్డా, నేనొద్దంటలేను. జనం ఇండ్లకు పోయినంక గా లైట్లెందుకు? చేపలు సెల్ఫీలు దిగుతున్నయా?"

పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు. భీమేష్ మొహం మాడింది. "అవ్వా, ఊరికి పేరొచ్చింది లైట్లతోనే. నీ ఒక్కదాని కోసం బంజేస్తమా? నీకో స్టాలిప్పిస్త తియ్, కందికాయలమ్ముకో."

"ఏం కాయలమ్మాలె కొడుకా? నీ లైట్లు గాసినయా?"

జాతర మొదలైంది. 'మన చేను, మన పంట' అని బోర్డు కట్టిన కమిటీ స్టాలులో కందికాయలు ఉడుకుతున్నాయి, పిట్లం నుంచి బస్తాల్లో దిగినవి. ఎంకవ్వ గడప దాటలేదు. గంగారాం మళ్లీ వచ్చాడు, ఈసారి తియ్యగా: "లైట్లైతే ఆరవు గద వదినె. ఇంకేం జేస్తవ్ గా చేనుతోని?"

"నా పానం ఉన్నదాంక ఇయ్య. పో" అని తలుపు వేసింది.

తలుపు వేసుకుని చేను ఎన్నాళ్లు కాపాడుకుంటుంది? మళ్లీ తొలకరికి విత్తనం పెడుతుంది. ఆలోపే ఆ లైట్ల సంగతి తేలాలి. ఎల్లారెడ్డి, కామారెడ్డివాళ్లూ, వెలుగు చూసి మురిసిన ప్రతివాళ్లూ, జాతరకు రండి, కడుపారా తినండి. కట్ట దిగేముందు మాత్రం కమిటీవాళ్ల ముందు నిలబడండి. మేం పోతున్నాం, లైట్లు ఆర్పండి అని గట్టిగా అడగండి. ఆర్పేదాకా కదలకండి.