చుక్కలు ఇంకా రాలేదన్నాను

నాకు లెక్కలు మూడు దాకానే వస్తాయని మాకు లెక్కలు చెప్పే మౌల్వీ సాబు బడి అంతా వినేట్టు అనేవాడు. అది పొగడ్త అని చాలా ఆలస్యంగా తెలిసింది. జీవితం మొత్తంలో ఒక్క సాయంత్రం మూడు దాకా లెక్కపెట్టడం నిజంగా అవసరమైంది. పెట్టలేదు.

మీరు నవ్వితే నవ్వండి. జనం నవ్వే నాకు తిండి. గౌలిపురలో పాడి ఉన్న ఇంట్లో పుట్టి, బడి ఎగ్గొట్టి, బర్రెల వెనక తిరిగినవాణ్ణి. పాల క్యాను కంటే ముందు నా నోరు సందులోకి వస్తుందని ఆడవాళ్ళు అనేవారు. ఈ సంగతి మాత్రం ఆ నోటితో మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒకచోట పడి ఉండే బరువైతే ఓర్చుకునేవాణ్ణేమో. ఇది సాయంత్రమయ్యేసరికి లోపల లేచి కూర్చుంటుంది. ఇన్నేళ్ళుగా పొద్దుగుంకే వేళ నేను ఇంటి బయట కూర్చోను. ఎందుకని మా ఆవిడ అడిగితే దోమలన్నాను. నిజంగా దోమలే అయితే ఎంత బాగుండేది?

నేను పాలు పోసే ఇళ్ళలో లాల్‌దర్వాజాలోని రూబేన్ సాబు ఇల్లు ఒకటి. ఆయన యూదుడు. కొంకణం వైపు నుంచి వయసులో ఉండగా వచ్చాడట. పత్తర్‌గట్టి పక్క సందులో కళ్ళద్దాల దుకాణం పెట్టుకుని మా బస్తీ ముసలివాళ్ళకు చూపు ఇచ్చాడు. చివరికి ఆయన కళ్ళలోనే పొరలు కమ్మాయి. దుకాణం మూసేశాడు. భార్య పోయింది. కూతురు మరియం ఆసుపత్రిలో నర్సు. చుట్టుపక్కల ఆ మతం వాళ్ళు ఆ ఇద్దరే.

శుక్రవారం పొద్దుగుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా ఆయన నిప్పు ముట్టడు, ఏ పనీ ముట్టడు. ఆకాశంలో మూడు చుక్కలు కనబడితేనే ఆ దినం తీరినట్టు. వాటిని చూసే చూపు ఆయనకు లేదు. శనివారం సాయంత్రాలు మరియంకు డ్యూటీ ఉండేది. అందుకని పాలు పోయడానికి వెళ్ళిన నన్ను అడిగేవాడు, "చుక్కలొచ్చినయా బేటా?" అని. వచ్చాయంటే దీపం వెలిగించి, చిన్న డబ్బాలోంచి లవంగాలు తీసి వాసన చూసేవాడు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పాడు. ఆ ఒక్క దినం మనిషికి ఇంకో ఆత్మ చుట్టంగా వస్తుందట. వారమంతా చేతులు చేసిన పనికి అర్థమేమిటో పక్కన కూర్చుని చెబుతుందట. చుక్కలు రాగానే లేచి వెళ్ళిపోతుంది. మిగిలిన ఆత్మ బెంగపడకుండా ఈ వాసన.

"చుట్టం పోయినంక ఇల్లు చిన్నబోతది గదా, గట్లనే," అన్నాడు.

అంత మంచి మాటను నేనేం చేశాను? ఇరానీ హోటల్‌కు పట్టుకుపోయి నవ్వులకు అమ్ముకున్నాను.

మొదట్లో నిజమే చెప్పేవాణ్ణి. ఒక శనివారం దోస్తులు ఎదురుచూస్తున్నారని, పడమట ఇంకా ఎర్రగా ఉండగానే "వచ్చినయ్ సాబ్" అన్నాను. ఆయన నమ్మాడు. లవంగాలు తీశాడు. సిగ్గు వేయాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. హోటల్లో ఆయనలాగే మెడ చాచి, ఆయన గొంతు పెట్టి, లవంగం వాసన చూసి, చుట్టాన్ని ఎలా తరిమానో చేసి చూపిస్తే చాయ్ కప్పులు ఎగిరిపడ్డాయి. ఆయన దేవుడి తాళంచెవి నా జేబులో ఉందన్నాను. ఇక ప్రతి శనివారం అదే వేషం. వారం వారం ఆ ముసలాయన ఆత్మకు వచ్చిన చుట్టాన్ని వేళకు ముందే గెంటేశాను. తప్పనిపించలేదా అంటారా? అనిపించింది. అనిపించినప్పుడల్లా ఇంకో జోకు వేశాను.

ఆ ఏడు మా దసరా, వాళ్ళ పెద్ద ఉపవాసం ఒకే రోజు పడ్డాయి. ఏడాది తప్పులన్నీ దేవుడి ముందు ఒప్పుకునే దినమట. ముందు రోజు పొద్దుండగా తిని, మర్నాడు చుక్కలు వచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆ ముందు రోజే రూబేన్ సాబు చేతికర్రతో తడుముకుంటూ మా కొట్టం దాకా వచ్చాడు. నేను బర్రెలకు గడ్డి వేస్తున్నాను.

"బేటా, ఈ ఏడు నా తోటి నీకేమన్న తప్పు జరిగిందా? జరిగితే మాఫ్ చెయ్యి."

"నీ తప్పేంది సాబ్? పాలల్ల నీళ్ళు కలిపేటోణ్ణి నేనాయె. మాఫీ అడిగితే గీ బర్రెను నేనే అడగాలె, దాని పేరు ఖరాబ్ చేస్తున్న."

ఆయన నవ్వాడు. నా జోకులకు ఎప్పుడూ మనసారా నవ్వేవాడు. నవ్వి, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు.

"మజాక్ గాదు బేటా. దేవునికి చేసిన తప్పు రేపు దేవుడు మాఫ్ చేస్తడు. మనిషికి చేసిన తప్పు ఆయన చేతుల లేదు. ఆ మనిషి తానికే పోవాలె. ఆ మనిషే అనాలె."

"ఆ మనిషి లేకుంటే?"

ఎందుకడిగానో ఇప్పటికీ తెలియదు. నా నోట్లోంచి జోకు కాని మాట అలా ఎలా వచ్చింది?

"గందుకే, ఉన్నప్పుడే పోవాలె," అన్నాడు.

నేను ఒప్పుకోవడానికి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నట్టు నిలబడ్డాడు ఆ మనిషి. చెప్పేయవలసింది. నేను పెద్దమనిషిలా చెయ్యి ఊపి "పో సాబ్, మాఫ్ చేసిన" అన్నాను. ఆయన నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. నాకు!

మర్నాడు పొద్దున మరియం నన్ను గుమ్మంలో ఆపింది. ఆమెకు సెలవు దొరకలేదు. ఉపవాసంతోనే డ్యూటీకి బయల్దేరింది.

"అన్నా, బాపుకు చక్కెర బీమారి ఉంది. ఉపవాసం వద్దని డాక్టర్ అన్నడు, నేనన్న, వినలే. ప్రాణం మీదికొస్తే తినుమనే మా ధర్మం చెప్తది. పొద్దుగూకే యాళ్ళకు వచ్చి పక్కన కూసో. కండ్లు తిరుగుతున్నట్టు గనిపిస్తే, చుక్కలు రాకున్నా వచ్చినయని చెప్పు. గా అబద్ధం తప్పు గాదు."

నా అబద్ధాన్ని ఒక మంచి పనికి పిలవడం అదే మొదటిసారి. అదే చివరిసారి.

సాయంత్రం బస్తీ అంతా జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళింది. సందు ఖాళీ. హోటల్ దోస్తులు ఇద్దరు, కల్లు తాగి, జేబుల్లో జమ్మి ఆకుతో నా వెంట వచ్చారు. తాళంచెవి తమాషా కళ్ళారా చూస్తారట. రూబేన్ సాబు తెల్లబట్టలు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పక్కన మరియం మూత పెట్టి వెళ్ళిన నీళ్ళ చెంబు.

"ఎప్పుడు తాళం జల్ది తీస్తవు గదరా," ఒక దోస్తు నా చెవిలో అన్నాడు. "ఇయ్యాల మూసి చూపెట్టు."

ఆకాశం కడిగి ఆరబెట్టినట్టు ఉంది. నెత్తి మీద దశమి చంద్రుడు. గుడి వైపు తొలి చుక్క పొడిచింది.

"చుక్కలొచ్చినయా బేటా?"

"లే సాబ్. మబ్బు పట్టింది."

దోస్తు నోట్లో రుమాలు కుక్కుకున్నాడు. రెండో చుక్క. మూడోది. ఆ తర్వాత లెక్కపెట్టడం మౌల్వీ సాబుకు కూడా సాధ్యం కాదు. ఆయన మళ్ళీ అడిగాడు. గొంతు ఎండుటాకు నలిగినట్టు ఉంది. ఇంకా రాలేదన్నాను. దూరంగా వినబడే డప్పులు ఆగిపోయాయి. గాలి చల్లగా ఉంది. ఆయన చొక్కా మాత్రం చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

అది నేను చూశాను. ఈ ఒక్క ముక్క రాయకుండా దాటేద్దామనుకున్నాను. దాటేస్తే మిగతాదంతా రాసి దండగ. చూశాను. మరియం మాట గుర్తొచ్చింది. చెంబు చేతికందేంత దూరంలో ఉంది. ఇంకొక్క నవ్వు, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాను.

ఆయన మూడోసారి అడగలేదు. తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు, "ఇయ్యాల తలుపు తెరుస్తలేడు. నేనేం తప్పు చేసిన్నో."

అలా అంటూనే పక్కకు ఒరిగి అరుగు మీంచి కింద పడ్డాడు. దోస్తులు పరుగెత్తారు. వాళ్ళ జేబుల్లోంచి రాలిన జమ్మి ఆకు గడప ముందు పడి ఉంది. నేను నీళ్ళు పోస్తుంటే పెదవుల పక్కనుంచి కారిపోయాయి. "వచ్చినయ్ సాబ్, వచ్చినయ్" అని ఎన్నిసార్లు అరిచానో. అప్పటికి అది నిజం. వినేవాడు లేడు.

మరియం వచ్చింది. ఆసుపత్రి నుంచి నడిచే వచ్చింది, ఆ ఆకాశం కిందే. తల ఎత్తి చూసిందో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆయనకు తెలివి వచ్చింది కానీ మంచం దిగలేదు. నేను చూడబోతే కూతురితో నా ముందే అన్నాడు, "మబ్బు పట్టింది బిడ్డా, గందుకే ఆలస్యమైంది. ఈ పిలగాడు నన్ను ఇడ్సి పోలే." మంచం కాళ్ళవైపు నిలబడి విన్నాను. మరియం నావైపు చూడలేదు. తర్వాత కూడా వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ చెబుదామనే వెళ్ళాను. వెళ్ళి, జోకులు చెప్పాను. ఆయన నవ్వాడు. చలికాలం రాకముందే పోయాడు. మనిషి ఉన్నప్పుడే పోవాలన్నాడు. నేను పోయాను కూడా. పోయి ఏం చేశాను? నవ్వించి వచ్చాను.

చంపానా? చక్కెర బీమారి చంపిందా? ఈ ప్రశ్న వేసుకోవడంలో కూడా తప్పించుకునే తెలివి ఉందని నాకు తెలుసు. అసలు నన్ను తినేది ఆయన చివరి అనుమానం. తలుపు మూసింది దేవుడనుకున్నాడు, కారణం తన తప్పే అనుకున్నాడు. ఒక మనిషి బతుకంతా నమ్ముకున్న ఆకాశాన్ని, ఇద్దరు తాగుబోతుల నవ్వు కోసం ఆయన ముఖం మీదే మూసేశాను.

ఏళ్ళు గడిచాయి. ఆ ఇంట్లో పాలు పోస్తూనే ఉన్నాను. మొన్న శనివారం సాయంత్రం మరియం అగ్గిపెట్టె ముందు పెట్టుకుని ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన ఆ లవంగాల డబ్బా. క్యాను కింద పెట్టి చెప్పేశాను. శనివారాలు, హోటలు, తాళంచెవి, చెమట, అన్నీ. నా జీవితంలో నేను నవ్వించకుండా చెప్పిన కథ అదొక్కటే. చెప్పాక ఊపిరి అడుగు దాకా దిగింది. మాఫీ దొరికిందని కాదు. అది ఇవ్వగలిగిన మనిషి మట్టిలో ఉన్నాడు. దాచే పని తీరింది, అంతే. అంత మాత్రానికే కాళ్ళు తేలికయ్యాయి.

ఆమె లవంగాల డబ్బాను దగ్గరికి జరుపుకుంది. నేను ఓర్చలేకపోయాను. పాత రోగం నోటికొచ్చింది.

"ఏందమ్మా, తిట్టవా? పాలు బంద్ చేస్తవా? కొట్టుడన్న కొట్టు, పుణ్యముంటది."

మరియం అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. తల మాత్రం ఎత్తలేదు.

"సందులకు పోయి చూడు అన్నా, చుక్కలొచ్చినయో లేదో. నాకు తెల్సు. గా దినం మబ్బు లేదని గూడ తెల్సు. నువ్వు చూసి చెప్పు."