కాక చేతిలో పెట్టిన తాళం చెవి

లారీ లైసెన్సు వచ్చిన వారంలోనే నాకు రెండు ఉద్యోగాలు కనబడ్డాయి. రెండింటికీ సరేనన్నాను. తప్పు అక్కడే జరిగింది.

మొదటిది తార్నాకలో, ఒకే ఒక్క లారీ ఉన్న పెద్దమనిషి దగ్గర. యూనివర్సిటీ హాస్టళ్లకు బియ్యం తోలేవాడు. మా నాయన అక్కడే ఒక మెస్సులో వంటవాడు. ఆయన మాట మీదే, కొత్తవాణ్ణయినా నన్ను తీసుకున్నాడు. ఆ లారీ పెద్దమనిషిని కాక అని పిలిచేవాణ్ణి. కాక దగ్గర కాగితాలూ సంతకాలూ లేవు. సాయంత్రం లోడు ఎత్తాక తాళం చెవి చేతిలో పెడతాడు. అది ఇంటికి తీసుకెళ్లామంటే, పొద్దున బండి కదిలించే పూచీ మనదే.

"వద్దనుకుంటే ఇప్పుడే గా మేకుకు తగిలిచ్చి పో బిడ్డా, నేనేం అనుకోను. కానీ పొద్దుగాల బియ్యం చేరకపోతే పని ఇంకొకలకు ఇస్తనన్నడు వార్డెన్," అన్నాడు మొదటి రోజు సాయంత్రం.

నేను తాళం జేబులో వేసుకున్నాను.

రెండోది సికింద్రాబాద్‌లో పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ. ఖాకీ బట్టలు, సెలవులు, బొంబాయి దాకా రూట్లు. మర్నాడు పొద్దునే రమ్మన్నారు. మేకుకు తగిలిస్తే కాక దగ్గరి పని పోతుంది, ఉంచుకుంటే రెండూ ఉంటాయి. మరచిపోయి కాదు, తెలిసే ఆ తాళంతో బస్సెక్కాను.

ఆఫీసులో నా వంతు వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. లైసెన్సు తీస్తుంటే తాళం కూడా వచ్చి బల్ల మీద పడింది.

"లారీ తాళమే కదా? ఎక్కడ నడుపుతున్నారు?" అని అడిగాడు మేనేజరు.

"ఎక్కడా లేదండీ. పాతది."

ఆ అబద్ధానికి నాలుక తడబడను కూడా లేదు. ఆయన నవ్వాడు. "మా దగ్గర తాళాలు ఇళ్లకు వెళ్లవు. ఆ రోజు ఏ బండి ఇస్తే ఆ బండే. సోమవారం వచ్చి చేరండి."

తార్నాకలో దిగేసరికి మధ్యాహ్నమైంది. లారీ ఎక్కడిదక్కడే ఉంది. దాని నీడలో కూర్చున్న హమాలీ ఒకడు నన్ను చూసి, "అచ్చిండు నవాబ్ సాబ్! పెండ్లిచూపులకు పోయినవా ఏంది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వైర్లు కలిపితే ఎప్పుడో స్టార్ట్ అయితుండె. కాకనే వద్దన్నడు. తాళం తీస్కపోయినోడు వస్తడు, ఆగుండ్రి అన్నడు."

కాక తిట్టలేదు. "నీకేమన్న అయిందేమోనని అడిక్‌మెట్‌ల నీ రూము దాకా పోయొచ్చిన," అని చెయ్యి చాపాడు. తాళం ఇచ్చేశాను. తనే స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

మెస్సు ముందు విద్యార్థులు పళ్లేలు మోగిస్తున్నారు. "చాచా, పొద్దుగాల ఉప్మా, ఇప్పుడు గూడ ఉప్మానా? రాత్రికి ఉప్మా పులుసా?" అంటున్నారు మా నాయనతో. నాయన లారీ దగ్గరికి వచ్చి, "బండి ఖరాబైందా?" అని అడిగాడు.

కాక నోరు తెరిచేలోగా నేనే అన్నాను. "బండి మంచిగనే ఉన్నది నాయినా. తాళం తీస్కొని నేనే ఇంకో కంపెనీకి పోయిన."

వార్డెన్ గదికి వెళ్లి అదే మాట చెప్పాను. ఆయన చాలాసేపు తిట్టి, ఈ ఒక్కసారికి కాకను వదిలేశాడు.

సోమవారం నేను సికింద్రాబాద్ వెళ్లలేదు. చిన్నదా పెద్దదా అని ఇప్పటికీ కొత్త డ్రైవర్లు నన్ను అడుగుతారు. దూరపు రూట్లూ సెలవులూ కావాలంటే పెద్ద కంపెనీకే వెళ్లమంటాను. నాతోపాటు లైసెన్సు తీసుకుని అక్కడ చేరినవాళ్లు బాగానే ఉన్నారు. నాకు మాత్రం నా కోసం ఎవరైనా ఎదురుచూసే చోటు కావలసి వచ్చింది. కాక ఉండమంటే ఉన్నాను.

కానీ ఆనాటి నుంచి రోజూ సాయంత్రం కాక చెయ్యి చాపేవాడు. తాళం తీసుకుని మేకుకు తగిలించేవాడు. పొద్దున తనే తీసి ఇచ్చేవాడు. నేను అడగలేదు. అడిగే హక్కు లేదని నాకు తెలుసు.

వానలు మొదలైన ఒక సాయంత్రం, కాక లోడు మీద టార్పాలిన్ కడుతున్నాడు. అలవాటుగా తాళం అందించబోయాను.

"చేతులు ఖాళీ లెవ్వు, కనిపిస్తలేదా? నీ దగ్గర్నే ఉంచు," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆయన ఒక చేత్తో తాడు కొస పట్టుకుని ఉన్నాడు. రెండో చెయ్యి ఖాళీగానే ఉంది.