గన్నవరం విమానం రాజమండ్రిలో దిగిన రోజు

2006 వర్షాకాలం. ఏలూరు పాత బస్టాండు దగ్గర నాకు టికెట్ల కౌంటరు ఉండేది. విమానం టికెట్టు కోసం వచ్చేది ఎక్కువగా కైకలూరు రొయ్యల వ్యాపారులే. వాళ్ల మొదటి ప్రశ్న, "ఎంతసేపండీ?" మేం ఫ్లయింగ్ టైమ్ చెప్పేవాళ్లం. అంటే విమానం గాల్లో ఉండే సేపు మాత్రమే. హైదరాబాదు నుంచి గన్నవరానికి గంట. ఎంత గొప్పగా చెప్పేదాన్నో!

మా పక్కింటి ఫాతిమా గారు ఒకరోజు తెల్లవారుజామున పోయారు. ఒక్కతే కూతురు రేష్మా, హైదరాబాదులో నర్సు. వాళ్లలో పోయినవాళ్లని ఎక్కువసేపు ఇంట్లో ఉంచరు. మధ్యాహ్నం నమాజు కాగానే ఖననం అనుకున్నారు. రేష్మా అప్పటికప్పుడు కారులో బయల్దేరతానంది.

"కారెందుకమ్మా, విమానంలో గంట" అన్నాను నేనే.

నా మాట పట్టుకుని ఆ పిల్ల మేనమామ రహీం గారు ఖననాన్ని సాయంత్రం నాలుగున్నర నమాజు తర్వాతకి మార్చారు. "అంతకుమించి ఆపలేమండీ" అన్నారు.

గన్నవరంలో కుండపోత. విమానం దిగలేక రాజమండ్రి పోయి, ఒంటిగంటన్నరకి అక్కడ దిగింది. రేష్మా ఫోను చేసింది.

"ఆంటీ, టాక్సీ మాట్లాడుకుని వచ్చేయనా?"

తాడేపల్లిగూడెం మీదుగా రెండున్నర గంటల దారి. అప్పుడే బయల్దేరితే నాలుగుకల్లా తల్లి దగ్గరుండేది. నేనేమో విమాన కంపెనీ ఆఫీసుకి ఫోను కొట్టాను.

"వాన తగ్గగానే తెచ్చేస్తామండీ, గాల్లో ఇరవై నిమిషాలే" అన్నాడు అక్కడి ఉద్యోగి.

బుద్ధిలేక అదే మాట రేష్మాకి చేరవేశాను. "కూర్చోమ్మా, ఇరవై నిమిషాలే."

మూడింటికి, ఇవాళ ఇక ఎగరదు, ఎవరి దారి వాళ్లు చూసుకోండన్నారట. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఫోను చేశాను.

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"మేమేం తప్పు చెప్పలేదండీ. దూరం ఇరవై నిమిషాలే కదండీ."

"ఎవరికయ్యా ఇరవై నిమిషాలు? విమానానికా, తల్లి పోయిన పిల్లకా?"

ఫోను పెట్టేశాడు. సిగ్గులేని జాతి! ఎగురుతుందో లేదో తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి నోరు రాలేదా? సరే, వాళ్లు కంపెనీ వాళ్లు. ఆ పిల్లని కూర్చోమనడానికి నాకేం పోయేకాలం వచ్చింది?

నమాజయ్యాక కూడా రహీం గారు అందరినీ బతిమాలి కాసేపు ఆపారు. వీధి మలుపు వైపు చూసి చూసి, చివరికి "చూడాల్సినవాళ్లు చూసేయండమ్మా" అన్నారు. నేనూ చూశాను. రేష్మా టాక్సీ వచ్చేసరికి మగవాళ్లు ఖబరస్తాన్ నుంచి తిరిగొస్తున్నారు.

నాలుగోనాడు కౌంటరుకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు చూశారట కదా ఆంటీ, అమ్మ ముఖం ఎలా ఉందండీ?"

ఆ తర్వాత చాలా ఏళ్లు కౌంటరు నడిపాను. ఎవరడిగినా ఇంటి గుమ్మం దాకా ఎంతసేపో లెక్కగట్టి చెప్పాను. తెలియకపోతే తెలియదన్నాను, బేరం పోతే పోయింది. కన్నతల్లి కడసారి ముఖం ఆ పిల్లకి నా నోటితో చెప్పాల్సొచ్చింది మరి.