బ్లాస్టింగ్ వేళ భూకంపం పాఠం

భూకంపం పాఠం సగంలో ఉండగా, పరిశీలనకు హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారి బల్ల కిందికి దూరారు. తొమ్మిదో తరగతి పిల్లలు మాత్రం కదలలేదు. ఎవరి జామెట్రీ బాక్సు మీద వారు అరచేయి ఆనించి, వంగి ఆయన్నే చూస్తున్నారు.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. అప్పుడు నేను గోదావరిఖనిలో ఒక దినపత్రిక విలేకరిని. సెంటినరీ కాలనీలోని ఒక హైస్కూల్లో ఇంటర్నెట్ బొమ్మలతో పాఠాలు చెబుతున్నారని తెలిసి, వెళ్లి రాయమని డెస్క్ పురమాయించింది. డెస్క్ అంటే మేం పంపిన వార్తను దిద్ది, శీర్షిక పెట్టి, ఫొటో కింద వాక్యం రాసేవాళ్లు. వాళ్లుండేది జిల్లా కేంద్రంలో. గని మొహం చూసినవాళ్లు తక్కువ.

ఆ బడికి ప్రొజెక్టర్‌ను ప్రయోగాత్మకంగా ఇచ్చారు. పాఠం నచ్చితే అక్కడే ఉంచుతారు, లేకపోతే జ్యోతినగర్‌లో మరో బడికి పంపుతారు. తేల్చడానికి వచ్చింది ఈ అధికారే.

పాఠం చెప్పాల్సింది సోషల్ టీచర్ కరుణ మేడం. గని కార్మికుడి కూతురు, యాభైకి దగ్గర పడ్డ మనిషి. నెట్ సెంటర్లో కూర్చొని కంప్యూటర్ నేర్చుకున్నారు. మొదట్లో మౌస్‌ను పొయ్యి మీది గిన్నె పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకునేవారట. బొమ్మను సేవ్ చేసినా నమ్మకం కుదరక, దానికి కలర్ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి బీరువాలో దాచేవారు. "కరెంటు పోతే లోపలి బొమ్మ ఏడికి పోతదో ఎవలకెరుక అన్నా?" అన్నారు నాతో.

ఆ రోజు తెర మీద మొదట ఏదో దేశంలో భూకంపానికి పగిలిన గోడ కనిపించింది.

"మేడం, గిది మా క్వార్టర్ గోడ లెక్కనే ఉంది" అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు.

"మీ గోడ సంగతి మీ నాయినను అడుగు. ముందుగాల గీ గోడ చూడు" అన్నారు మేడం, తెర మీంచి చూపు తిప్పకుండా.

తర్వాతి బొమ్మలో ఒక పిల్లవాడు బల్ల కింద ముడుచుకొని ఉన్నాడు. భూకంపం వస్తే ఇలా చేయాలని కింద రాసి ఉంది. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది.

కాలనీ పక్కనే ఓపెన్‌కాస్ట్ గని. బొగ్గు పైనున్న రాతిపొరను మధ్యాహ్నం పూట మందుపెట్టి పేలుస్తారు. దానికి ముందు సైరన్ వేస్తారు. అది వినగానే కాలనీలో ఎవరి చేయైనా దానంతటదే దగ్గరున్న వస్తువు మీదికి పోతుంది. చాయ్ తాగేవాళ్లు కప్పు పట్టుకుంటారు, గడ్డం గీసుకునేవాళ్లు అద్దం పట్టుకుంటారు. పాఠం నిజానికి పొద్దున జరగాలి. అధికారి ఎక్కిన రైలు ఆలస్యమై బ్లాస్టింగ్ వేళకు పడింది. ఆ సంగతి ఆయనకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు. మధ్యాహ్నం ఎండ కాస్తుందని చుట్టానికి ఎవరు చెబుతారు?

సైరన్ మోగగానే ముందు బెంచీలోంచి రజిత, సుమలత లేచి ప్రొజెక్టర్‌ను చెరో పక్క గట్టిగా పట్టుకున్నారు. ఆ తరగతిలో దాని పేరు 'బ్లాస్టింగ్ డ్యూటీ'. వంతులవారీగా ఇద్దరికి పడుతుంది. కాసేపటికి నేల అదిరింది, కిటికీ రెక్కలు గడగడలాడాయి. తెర మీది బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజు చెప్పిన పాఠాన్ని ఆచరణలో పెట్టింది అధికారి ఒక్కరే.

"అయిపోయింది సార్, బయటికి రాండ్రి" అంది రజిత, ప్రొజెక్టర్ వదలకుండానే.

ఆయన మోకాళ్లు దులుపుకుంటూ లేచారు. "ముందే చెప్పొద్దా మేడం?"

"రోజొచ్చేదే గద సార్, యాదికి రాలే."

ఉత్తర్వు తర్వాత పంపుతానని చెప్పి ఆయన జీపెక్కారు. అప్పటికే నా కెమెరాలో రెండు ఫొటోలున్నాయి. బల్ల కింద అధికారిది ఒకటి, ప్రొజెక్టర్ పట్టుకున్న పిల్లలది ఒకటి. మేడం నన్ను గేటు దగ్గర ఆపారు.

"అన్నా, ఆ సారు బొమ్మ పేపర్ల పడితే తెల్లారేసరికి మిషిన్ వాపస్ పోతది. ఇన్ని తిప్పలు పడి నేర్చుకున్న, మల్ల సుద్దముక్కనే పట్టాల్నా?"

"జరిగింది రాయడమే నా పని మేడం" అన్నాను.

"మరి రజితోళ్లు పట్టుకున్నది జరగలేదా?"

పిల్లల ఫొటోనే పంపాను, బ్లాస్టింగ్ డ్యూటీ గురించి వివరంగా రాశాను. చోటు చాలక డెస్క్ ఆ వాక్యాలే కోసేసింది. తెల్లారి ఫొటో కింద 'ప్రొజెక్టర్ పనితీరును ఆసక్తిగా పరిశీలిస్తున్న విద్యార్థినులు' అని అచ్చయింది. "మేం పరిశీలిస్తలేం సార్, పడకుండ పట్టుకున్నం" అని రజిత తగాదాకొచ్చింది. మేడం మాత్రం ఆ కటింగ్‌కు కూడా లామినేషన్ చేయించారు.

ఫొటో తీసినవాడే దాని కింది వాక్యం రాయాలని నాకు అప్పుడు అర్థమైంది. రిటైరయ్యేదాకా ఏ ఫొటో పంపినా కింది వాక్యం నేనే రాసి, డెస్క్‌కు ఫోన్ చేసి చదివి వినిపించేవాణ్ని.

అధికారి పంపుతానన్న ఉత్తర్వు రాలేదు. రాష్ట్రం వచ్చింది, ఆఫీసుల మీద బోర్డులు మారాయి. నేను చివరిసారి ఆ బడికి వెళ్లినప్పుడు కూడా ప్రొజెక్టర్ ప్రయోగాత్మకంగానే ఉంది. సైరన్‌కు ఇద్దరు పిల్లలు లేచి దాన్ని పట్టుకున్నారు.