రెండో రాజు కిరీటం

1984 వేసవిలో దర్శి దగ్గర ఒక ఊరి తిరునాళ్లకు పౌరాణిక నాటకం ఆడించే పని నాకు అప్పగించారు. నటులను ఎంచి, మాట్లాడి, వేళకు రంగం ఎక్కించడం నా వృత్తి. జనం మమ్మల్ని కాంట్రాక్టర్లనేవారు. ఒకప్పుడు మా తాతగారి వాకిట్లో నాటక సమాజాలు పిలుపు కోసం కాచుకునేవి. ఆస్తి పోయింది. అయినా ఆ దర్జా కొద్దీ నేను నటులు వేషాలు కట్టుకునే గ్రీన్‌రూములో అడుగుపెట్టేవాణ్ని కాదు. ముందు వరస కుర్చీలోనే కూర్చునేవాణ్ని.

మా నాటకాల్లో ఒకే వేషాన్ని ఇద్దరు పంచుకుంటారు. సగం దాకా మొదటి రాజు, ఆపైన రెండో రాజు. కిరీటం ఒక్కటే. తెర పక్కన మొదటివాడు తీసి రెండోవాడి తలమీద పెట్టాలి.

ఆ ఉదయం రెండో రాజుకు గొంతు పోయిందని కబురొచ్చింది. నిజం చెప్పాలంటే నాకు హుషారే కలిగింది. మా పనితనం తేలేది ఇలాంటి రోజునే. చీమకుర్తి లారీ ఎక్కాను. అక్కడ బడిలో పాఠాలు చెబుతూ చర్చిలో పాడే దానియేలు మాస్టారికి ఆ నాటకం పద్యాలన్నీ కంఠతా వచ్చని అంతకుముందే విని ఉన్నాను. గొంతు చివరి వరస దాకా వినిపిస్తుందో లేదోనని, ఆయన్ని రాయి కోసే మిషన్ల పక్కన నిలబెట్టి పాడమని, దూరంగా వెళ్లి విన్నాను. ఒక్క అక్షరం పోలేదు.

"వేషం ఎప్పుడూ కట్టలేదండి," అన్నారాయన.

"పద్యం వచ్చుగా. పదండి మాస్టారూ, రాత్రికి మీరు రాజు."

నాటకం సగమయ్యాక తెర పడింది, మళ్లీ లేవలేదు. మొదటి రాజు కోటయ్యగారు, ఒంగోలులో పేరున్న నటుడు, కిరీటం తీయనంటున్నారని నా కుర్చీ దగ్గరకు కబురొచ్చింది. "బడిపంతులు నెత్తిన నా చేత్తో పెట్టాలా? మిగతాది కూడా నేనే లాగిస్తా," అన్నారట. ఆయన గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"ఏరా, తెర లేపుతారా, ఇళ్లకు పొమ్మంటారా?" అని వెనక నుంచి కేకలు. ఆట ఆగితే ఆ ప్రాంతంలో ఇక నన్ను పిలిచేవారుండరు.

లేచి, మొదటిసారి గ్రీన్‌రూములోకి వెళ్లాను. మాస్టారికి వేషం కట్టడం కొత్త, నడికట్టు జారిపోతోంది. మోకాలు నేలకు ఆనించి నేనే బిగించాను.

"అదేంటండీ, మీరు కట్టడమేంటి?" అన్నారు కోటయ్యగారు.

"ఎవరో ఒకరు కట్టాలిగా. ఇక మీ కిరీటమే తక్కువ."

కోటయ్యగారు మట్టి అంటిన నా మోకాలివైపు చూశారు. కిరీటం తీసి, ముఖం పక్కకు తిప్పుకునే మాస్టారి తలమీద పెట్టారు.

మొదటి పద్యానికే చివరి వరసల నుంచి "వన్స్ మోర్" లేచింది. మళ్లీ పాడారు, మళ్లీ అడిగారు. నేను తెర పక్కనే నిలబడి విన్నాను.

"ఎక్కడ పట్టారండీ ఈయన్ని?" అన్నారు కోటయ్యగారు.

"రాళ్ల మిషన్ల దగ్గర."

ఆ తర్వాత మొదటి రాజును మాట్లాడేటప్పుడు, కిరీటం ఎవరికైనా ఇస్తారా అని ముందే అడిగేవాణ్ని. తడుముకున్నవారిని, ఎంత పేరున్నా, పెట్టుకోలేదు. ముందు వరసలో నా కుర్చీ కూడా వేయించలేదు. కాంట్రాక్టరు ఉండాల్సింది తెర వెనక.