అచ్చుకాని ఆఖరి వరుస

మాధురికి కుదురు లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతుందని అత్త సుబ్బరావమ్మ వీధంతా చెప్పుకునేది. కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పనికి కుదిరి ఏడాదికే మానేసింది, విత్తనాల కొట్లో ఆర్నెల్లు కూడా ఉండలేదు. చివరికి గుంటూరులో, చూపులేనివాళ్ల కోసం బ్రెయిలీ పత్రిక తీసే చిన్న సంస్థలో చేరింది. ప్రత్తిపాడు వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఆమె తెలుగులో కొట్టింది కంప్యూటర్ చుక్కల లిపిలోకి మారిస్తే, మిషను ఆ చుక్కల్ని దళసరి కాగితం మీద పొడుస్తుంది. ఆ ఒక్క ప్రతి నుంచే మిగతావి ప్లాస్టిక్ షీట్ల మీద తీస్తారు.

పాత కంప్యూటర్ పాడై కొత్త ల్యాప్‌టాప్ వచ్చిన రోజునే తంటా మొదలైంది. వరుసలు మెట్లు మెట్లుగా కుడివైపుకి జారి కాగితం అంచున మాయమయ్యాయి. పాత కంప్యూటర్ వరుస చివర రెండు గుర్తులు పెట్టేది, ఎడమ అంచుకి రమ్మని ఒకటి, కిందికి దిగమని ఒకటి. కొత్త ల్యాప్‌టాప్‌లో టైపు చేసే ఎడిటర్ ప్రోగ్రాం రెండోది మాత్రమే పెడుతోంది. అది తెలుసుకునేదాకా మాధురికి తిండి సయించలేదు. తెలిశాక ఎడిటర్ అడుగున మూలనున్న ఒక మాట మార్చింది, అంతే. మెట్లు పోయాయి.

మూడు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు దర్శి నుంచి హనుమాయమ్మ అనే పాఠకురాలు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఆ పెయ్య దొరికిందా లేదా? గడ్డివాము వెనక గంట మోగిందన్నారు, ఆపేశారు. మోగితే? అది పెయ్యో, మేకో నాకెట్టా తెలుస్తది?"

మాధురి ఆ కథ ఫైలు తెరిచింది. ఆఖరి వరుస తెర మీద స్పష్టంగా ఉంది: 'పెయ్య తల్లి పొదుగు దగ్గరుంది.'

ప్రూఫులు వేళ్లతో చదివే అయూబ్ గారి దగ్గరికి విసవిసా వెళ్లింది. ఆయన పుట్టుకతోనే చూపు లేనివారు.

"మీరు చూసుకోలేదా అండీ?"

"కాగితం మీద లేదమ్మా. ఈమధ్య కథలన్నీ అట్టాగే ఆపుతున్నారు గదా, ఇదీ అంతే అనుకున్నా."

"నేను కొట్టాను. ఉంది!"

"నా వేళ్లకి తగల్లేదు మరి."

ఆమె మళ్లీ అచ్చుకి పంపింది. వరుస రాలేదు. ఇంకోసారి పంపబోతుంటే యోగా క్లాసు ప్రకటన అర్జెంటని పై నుంచి కబురొచ్చింది. ఎప్పుడూ పని అవగానే మిషను స్విచ్ కట్టేసే మాధురి ఆ గొడవలో కట్టడం మరిచిపోయి, ప్రకటనే పంపేసింది. అయూబ్ గారు దాన్ని తడిమి నవ్వారు.

"యోగా క్లాసులోకి పెయ్య ఎందుకొచ్చిందమ్మా?"

మాధురికి అప్పుడు తట్టింది. వరుస అయిపోయిందని గుర్తు వస్తేనే మిషను ఆ వరుసను పొడుస్తుంది. లేకపోతే లోపలే దాచుకుని ఇంకా వస్తుందని ఎదురుచూస్తుంది. చివర ఖాళీ వరుసలు ఉంటే ఈ ఎడిటర్ శుభ్రంగా చెరిపేస్తోంది, వాటితోపాటు ఆ గుర్తునీ. రోజూ ఆమె స్విచ్ కట్టగానే దాచుకున్నది కాస్తా పోతోంది.

ఆ చెరిపే సెట్టింగు తీసేసి, చివర ఎంటర్ నొక్కి పంపింది. పెయ్య ఇల్లు చేరింది. వెంటనే హనుమాయమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించింది.

"బతికించావు తల్లీ. రాలేదేమోనని రెండు రోజులుగా మనసు మనసులో లేదు."

ఫోన్ పెట్టాక కూడా మాధురికి నిమ్మళం లేదు. మూడు నెలల ఫైళ్లూ తెరిచింది. ఏ ఒక్కదాని చివరా గుర్తు లేదు. నిమ్మకాయ పచ్చడి వ్యాసంలో పోయిన వరుసని అయూబ్ గారికి చదివి వినిపించింది: 'తడి తగలనివ్వకండి.'

"ఆ పచ్చడి మా ఆవిడ షాజాదీ చేత పెట్టించా. బూజు పట్టింది," అన్నారు అయూబ్ గారు. "చెయ్యి మంచిది కాదని దాన్నే తిట్టా."

"నా వల్లే అండీ."

"ఇంటికెళ్లి చెప్తాలే. ముందు మిగతావి కానియ్."

ఆఖరి పేజీలు ఒక్కొక్కటే మళ్లీ తీస్తోంది. పేజీ పేజీకీ లేచి వెళ్లి చివరి వరుసని వేలితో తడిమి చూస్తోంది, చుక్కలు చదవడం రాకపోయినా. ఊరి నుంచి భర్త కోటేష్ ఫోన్ చేసి, రేపు పొద్దున్నే మిరపకోతకి కూలీలొస్తున్నారు, బయల్దేరావా అని అడిగాడు.

"వస్తున్నా," అంది మాధురి, ఇంకో కాగితం మిషనులో పెడుతూ.