అన్నయ్య నేలమాటు

మా అన్నయ్య పోయాడన్న కబురు మంగళవారం పొద్దున్న, నేను బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఇంట్లో కాఫీ కలుపుకుంటుండగా వచ్చింది. పోర్ట్ క్లాంగ్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "అత్తా, నాన పోయినారు. నిద్దర్లోనే," అంది. కాఫీలో పంచదార వేశానో లేదో గుర్తులేదు. తాగలేదు గనక ఆ సంగతి ఇక తేలదు.

ఎనభై నాలుగేళ్ళు. చూడవచ్చినవాళ్ళంతా "అదృష్టవంతుడు" అన్నారు. చావులో అదృష్టం వెతకడం మనవాళ్ళకు బాగా వచ్చు. నాకు మాత్రం, ఈయన ఎప్పుడూ ఇంతే, చప్పుడు చేయకుండా కదులుతాడు, అనిపించింది. వేటగాడు గదా.

నమ్మరు గానీ, వెదురు విల్లుతో అడవిపందులను కొట్టేవాడు. మా తాత విశాఖ కొండల అంచు నుంచి ఈ మలయ్ దేశపు ఎస్టేటుకు వచ్చినప్పుడు పెట్టెలో ఏమీ తేలేదు. విల్లు చెక్కడం మాత్రం చేతుల్లో తెచ్చుకున్నాడు. అది మా నాన్నకూ, ఆ తరువాత అన్నయ్యకూ దక్కింది. నాకు చదువు దక్కింది. పెండలం మడులను పందులు తవ్వేస్తున్నాయని ఎవరైనా మొరపెట్టుకుంటే, అనుమతి కాయితం జేబులో పెట్టుకుని మరీ వెళ్ళేవాడు. బాణాలకు ఈకలు ఎర్రదారంతో కట్టేవాడు. ఆ దారపు ఉండను వదినను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

చూసేవాళ్ళు విల్లును చూసేవారు. ఆయన చూసేది చోటును. నేల మీద మాటు ఎక్కడ కట్టాలో తేల్చుకోవడానికి మూడు రోజులు తిరిగేవాడు. పంది నడిచే దారికి పది అంగల దూరం ఉండాలి, గాలి పంది వైపు నుంచి తన వైపు రావాలి. జేబులోంచి చిటికెడు విభూతి తీసి వేళ్ళ సందున వదిలేవాడు. అది ఎటు పోతే గాలి అటు.

"ఆ విభూతి దేవుడికా, పందికా?" అని అడిగాను ఒకసారి.

"ఇద్దరూ వోసన పట్టీసేవోళ్ళే సెల్లీ," అన్నాడు.

వేటకు ముందు రెండు రోజులు వెల్లుల్లి తినడు, తలకు నూనె రాయడు. "దేవుడి కోసం ఒక్కపూటుండమంటే ఆకలంటాడు. పంది కోసమైతే మడి," అనేది వదిన. ఆవిడ పోయాక ఆ మాట అనేవాళ్ళు లేక, నేనే ఫోన్ చేసి అనేదాన్ని.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకసారి నన్ను వెంట తీసుకెళ్ళాడు. పామాయిల్ మట్టలను ఛాతీ ఎత్తున అల్లి, పైన ఆకాశానికి వదిలేశాడు. కప్పు లేదేమని అడిగాను.

"విల్లు నిలబడాల, మనిసి కూకోవాల."

"వానొస్తే?"

"తడవాల." జారిన మట్టనొకదాన్ని సర్దుతూ మళ్ళీ అన్నాడు. "మాటు మనం దాక్కోడానికి కాదు సెల్లీ. దెబ్బ తప్పకుండా ఉండడానికి. తప్పితే నొప్పి దానిది. అప్పుడు ఏసినోడే ఎతకాల."

ఆ తడవడమే డెబ్బై ఎనిమిదో ఏట ఊపిరితిత్తుల మీదికి తెచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి. మట్టలు నరకలేడు. కూతురు మానెయ్యమంటుంది, ఆయన మానడు. ఇద్దరి మధ్యా నేను తెలివైనదాన్ని తయారయ్యాను. వేటగాళ్ళ కోసం అమ్మే నల్లగుడ్డ గుడారం ఒకటి ఇంటర్నెట్‌లో తెప్పించాను. నలభై ఏళ్ళు పిల్లలకు కొలతల లెక్కలు చెప్పినదాన్ని. బరువు చూశాను, కిటికీలు లెక్కపెట్టాను, వాన ఆగుతుందా అని బకెట్టు నీళ్ళు కుమ్మరించాను.

పెరట్లో వేసి చూపించాం. లోపల చిన్న స్టూలు మీద కూర్చుని పైకి చూశాడు.

"కప్పు కొంచెం దిగువ సెల్లీ."

"నీకు తలెగరెయ్యడం ఒక్కటే తెల్సు అన్నియ్యా. కొంచెం వంచడం నేర్సుకో."

నవ్వాడు. విల్లు తెప్పించి చూడలేదు. గుడ్డగోడను అరచేత్తో తడిమి, "ఇది నా సెల్లి ఇచ్చిన మాటు," అని కూతురికి చెప్పాడు.

రెండు వారాల తరువాత ఓ సాయంత్రం మేనకోడలు రమ్మంటే వెళ్ళాను. అన్నయ్య మెట్టు మీద కూర్చుని, గీరుకుపోయిన కాళ్ళను బేసిను నీళ్ళలో పెట్టుకుని ఉన్నాడు.

"ఏటైనాది?"

"తెల్లారి ఏసినాను. దెబ్బ ఎనక్కి తగిలింది. పొద్దోయిందాకా ఎతికితే దొరికినాది." నీళ్ళకేసి చూస్తూ అన్నాడు. "అంతసేపూ బతికే ఉంది."

ఆ మోకాళ్ళతో, పామాయిల్ వరసల్లో, పగలంతా.

"ఎందుకు తప్పింది?"

"సెయ్యి ఒణికింది."

నా నోరు ఊరుకుంటుందా. "ముసిలోడివైపోయినావు. ఒప్పుకుని మానీ," అన్నాను.

"మానీసినాను," అన్నాడు.

నిజంగానే మళ్ళీ విల్లు ముట్టలేదు. ఆరేళ్ళ పాటు పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నేనే ఆ కథ చెప్పాను. చేతికి వయసొచ్చిందనీ, నా గుడారం ఉండబట్టి కనీసం జలుబైనా చేయలేదనీ. అందరూ నవ్వేవారు. ఆయన పక్కనే కూర్చుని తలూపేవాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు మేనకోడలు సామాను గది సర్దింది. మా పిల్లల తెలుగుకు మలయ్ తోక ఒకటి ఉంటుంది. "ఈ గుడారం పారేద్దాం, లా. ఎవరికి కావాల అత్తా?" అంది. ఒక్కసారి వేసి చూద్దామన్నాను. పెరట్లో అదే చోట వేశాం. స్టూలు తెప్పించుకుని లోపల కూర్చున్నాను. ఊరికే, ఆయన చూసినట్టు పైకి చూశాను.

కప్పు గుడ్డలో చిరుగు. కూర్చున్న మనిషి విల్లు ఎక్కుపెట్టి వదిలితే దాని పై కొస ఎక్కడ తగులుతుందో, సరిగ్గా అక్కడ. ఎర్రదారంతో కుట్టి ఉంది. చెయ్యి చాచి కొలిచాను. జానెడు. కొనకముందు విల్లును కొలవవలసింది.

కుట్టుకూ కుట్టుకూ మధ్య ఒకటే ఎడం. ఒక్కటీ వంకర పోలేదు. అది ఒణికే చెయ్యి వేసిన కుట్టు కాదు.

"చిరిగిపోయిందా అత్తా?" అని బయటి నుంచి అడిగింది.

"కుట్టేసే ఉందమ్మా," అన్నాను.

నడినెత్తిన ఎండ. చీకటి గుడ్డలో ఎర్రదారం పక్కనున్న సూదిబెజ్జాల్లోంచి సన్నటి వెలుగు దిగుతోంది. నా తెల్లచీర మీద, ఒళ్ళో, జానెడు పొడవున చుక్కల వరస.